నందిగామ వీధులు - నీటి త్రోవలు

విజయవాడనుండి హైదరాబాదునకు పోవు పెద్దబాట ఇబ్రహీంపట్నమువరకు కృష్ణానదికి చేరువగా సాగి, ఆపైన నదిని విడిచి మెట్టసీమలో ప్రవేశించును. డెల్టాలోని వరిమళ్లను, కాలువలను చూచి వచ్చినవారికి ఇచ్చటి నేల వేరొక దేశమువలె తోచును. నల్లరేగడి చేలు, ప్రత్తి, మిరప, అక్కడక్కడ గుట్టలు, వానకాలమున పొంగి వేసవిని ఇసుక మేటలుగా మారు వాగులు - ఇవియే ఈ సీమ లక్షణములు. పరిటాలలో 135 అడుగుల ఆంజనేయ విగ్రహమునకు నమస్కరించి, కంచికచర్ల దాటి, కీసరవద్ద మునేటి వంతెన నెక్కినచో నందిగామ చేరువయినట్లే.

నందిగామ తెల్లవారి కాలమునుండియు తాలూకా కేంద్రము. చుట్టుపట్ల పల్లెలవారికి కోర్టు పనియైనను, కచేరి పనియైనను, పెండ్లి వస్త్రములైనను, పిల్లల చదువైనను ఈ ఊరే దిక్కు. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు 1956లో తొలి అధ్యక్షులైన అయ్యదేవర కాళేశ్వరరావుగారు జన్మించినది ఇచ్చటనే. చిరకాలము కృష్ణాజిల్లాలో నుండిన ఈ ఊరు 2022 ఏప్రిల్ 4వ తేదీని ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరి, రెవిన్యూ డివిజను కేంద్రమయినది.

యాత్రికులు సాధారణముగా ఒక ఊరిలో గుడిని, కోటను, కొండను చూతురు. నందిగామలో నేను చూడగోరినవి వీధులు. వీధులలో గూడ నా దృష్టి కాలువలమీదనే నిలిచినది. ఇది వింత కోరిక యని సోదరీమణులు నవ్వవచ్చును. కాని ఇల్లు నడపు స్త్రీకి తన వాకిట నీరు నిలుచుటకంటె పెద్ద రాచకార్య మేది? మెట్టపట్టణములకు వేసవిలో నీరు రాక బాధ, వానలలో నీరు పోక బాధ. ఈ రెండు బాధలును మొదట పడునది గృహిణియే. బిందెతో నీరు తెచ్చునదియు ఆమెయే, గడప దాటి లోపలికి వచ్చిన మురుగును చీపురుతో వెలుపలికి త్రోయునదియు ఆమెయే.

నందిగామ బహుకాలము గ్రామపంచాయతీగా నుండి, 2011లో నగర పంచాయతీ యయినది. ఈ మాట కర్థ మేమి? 1993 జూన్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణలో, పల్లెతనమును విడిచి పట్టణముగా మారుచున్న ప్రదేశమునకు నగర పంచాయతీ యని పేరు పెట్టిరి. ఎదుగుచున్న పిల్లకు నిరుటి పరికిణి పొట్టియగునట్లు, ఇట్టి ఊళ్లకు పల్లెనాటి వీధులు చాలకుండ పోవును. ఎడ్లబండి కొరకు విడిచిన దారిలో ఆటోయు, లారీయు, బడి బస్సును ఒక్కసారి వచ్చును. పెరటి అరటిచెట్టు మొదట ఇంకిపోయిన స్నానపు నీరు, పెరడే లేని మేడల కాలమున, గొట్టమువెంట వీధిలోనికి దిగును. పల్లెలో ఎవరి నీరు వారి పెరటిలోనే ఇంకెను. పట్టణములో అందరి నీరును ఉమ్మడి నీరు. పురపాలక సంఘము అవసరమగుట ఇందువలననే.

మన సీమలో ఈ సంఘముల చరిత్ర చిన్నది కాదు. మచిలీపట్టణమునకు 1866లోను, బెజవాడకు 1888లోను మునిసిపాలిటీలు వచ్చినవి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి చేసిన తీర్మానము ననుసరించి, 1884లో చెన్నరాజధానిలో స్థానిక బోర్డుల చట్టము పుట్టి, పెద్ద గ్రామములకు గూడ ఇంటిపన్ను వేసికొని దీపములు, దారులు, పారిశుద్ధ్యము చూచుకొను యూనియను పంచాయతీలు ఏర్పడినవి. నేడు రాజ్యాంగపు 12వ షెడ్యూలులో పట్టణ సంఘములకు ఒప్పగింపదగిన 18 విషయములు చెప్పబడినవి. దారులు, వంతెనలు, త్రాగునీరు, పారిశుద్ధ్యము, మురికివాడల బాగు, వీధిదీపములు అందులోనివి. ఆ పట్టికను చూచినచో అది యొక పెద్ద యిల్లాలి దినచర్యవలె నుండును.

మొదట దారి సంగతి చూతము. నందిగామ పెద్దబాటను పట్టుకొని పెరిగిన ఊరు. ఈ బాటకు పూర్వము 9వ జాతీయ రహదారి యని పేరు. 2010లో సంఖ్యలు మార్చినప్పుడు 65వది యయినది. నాటి నల్లగొండ జిల్లాలోని మల్కాపురమునుండి నందిగామవరకు గల 181 కిలోమీటర్ల భాగమును నాలుగు వరుసల బాటగా వెడల్పుచేసి 2012 డిసెంబరులో తెరచిరి. దూరప్రయాణపు బండ్లు ఊరిలోనికి రాకుండ బైపాసు మీదుగా పోవుచున్నవి. రాత్రింబగళ్లు లారీల మ్రోతతో అదరిన పాత నడివీధి ఊరివారికి తిరిగి దక్కినది.

అయితే దక్కిన వీధిని నిలుపుకొనుట వేరొక పని. లారీ పోయిన చోటికి ఆటో వచ్చును. ఆటో విడిచిన చోటికి అంగడి ముందుకు జరుగును. కాలువమీద సిమెంటు పలక వేసి మెట్లు కట్టుదురు. మెట్లమీద సరకు పెట్టుదురు. సరకు ముందు గిరాకీ మోటారు సైకిలు నిలుచును. బడికి పోవు పిల్ల నడుచుటకు మిగులునది బండ్ల దారియే. సంఘము చేయవలసిన పనులు ఇచ్చట గొప్ప ధనముతో కూడినవి కావు. ఆటోలు నిలుచుటకు స్థలము, అంగళ్ల సరకు దింపుటకు గంటలు, బడులవద్ద దారి దాటుటకు గుర్తులు, నడచువారికి అడ్డులేని నాలుగడుగుల చోటు - ఇవి కట్టడికి సంబంధించినవి. కూరగాయల బండి పెట్టుకొన్న బీదరాలిని కొట్టి తరుముట మాత్రము కట్టడి యనిపించుకొనదు. 2014 నాటి వీధి వర్తకుల చట్టము ప్రకారము పట్టణ వర్తక సంఘములో నూటికి 40 మందికి తక్కువ కాకుండ వీధి వర్తకులే యుండవలెను. వారిలో మూడవవంతు స్త్రీలు కావలెను. ఆమెను అడిగియే ఆమెకు చోటు చూపవలె నని దీని భావము.

ఇక నీటి సంగతి. క్రొత్తగా పట్టణములైన ఊళ్లలో ప్రజలు సంఘమును మొట్టమొదట కోరునది సిమెంటు దారి. సభ్యులును సంతోషముతో అదియే వేయింతురు; అది కన్నులకు కనబడును, శిలాఫలకమునకు చోటిచ్చును. కాని నీటికి దారి చూపకుండ మనుష్యులకు దారి వేయుట, దూలము లేకుండ కప్పు వేయుటవంటిది. పాత దారిని త్రవ్వి తీయక దానిమీదనే క్రొత్తది పోయుట సులభము గనుక చాలచోట్ల అట్లే చేయుదురు. ఒక్కొక్క మారు అరయడుగు లేచినను, మూడు మారులలో అడుగున్నర. తాతలనాడు వీధికి రెండు మెట్లెత్తున నిలిచిన అరుగు నేలకు సమమగును. పిదప గడప వీధికంటె పల్లమగును. వానపడిన రాత్రి వీధినీరు చుట్టమువలె ఇంటిలోనికి వచ్చును. ధనవంతుడు ఇల్లు పడగొట్టి ఎత్తుగా కట్టుకొనును. పేదరాలు గడపకు అడ్డముగా ఇసుక మూటలు వేసికొనును. దారి వేయుటకు ముందు పాతపొరను తొలగించి, వీధి మట్టము ఇండ్ల గడపలకంటె దిగువగా నుండునట్లు చూచినచో ఈ దుఃఖ ముండదు. మన వీధిలో క్రొత్త దారి వేయుటకు కొలతలు పట్టునాడు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే.

నల్లరేగడికి గల స్వభావము వేరు. తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును. అట్టి నేలలో పునాది క్రింద మొరమో ఇసుకయో పోయకుండ కట్టిన కాలువగోడ రెండు వేసవులలో నెఱ్ఱెలు విచ్చును. కాలువకు వాలు ప్రాణము. నీరు సెకండునకు సుమారు రెండడుగుల వేగముతో పోయినగాని ఇసుకయు, మట్టియు అడుగున నిలువక కొట్టుకొనిపోవు. వెడల్పైన చదును అడుగుగల కాలువలో వేసవినాటి కొద్దినీరు పలుచగా పరచుకొని కదలక నిలుచును. అడుగు సన్నగా గుండ్రముగా నున్నచో ఆ కొద్దినీరే త్వరగా పోవును. అన్నపు గిన్నె అడుగు గుండ్రముగా నున్నచో తోముట సులభ మని మనకు తెలియును గదా, కాలువకును ఆ న్యాయమే.

వీటన్నిటికంటె ముఖ్యమైనది కాలువ తుద. ఒక్కొక్క వీధి వేరువేరుగా అర్జీ పెట్టుకొని కాలువ కట్టించుకొనును. ఆ వీధి బాగుపడును. కాని ఆ నీరు పోవునది ఎక్కడికి? ఊరిలో మిక్కిలి పల్లమైన చోటికి. అచ్చట నివసించువా రెవరు? మెరకన స్థలము కొనలేనివారు. అనగా కొసలేని కాలువ మురుగును పోగొట్టదు. మన గుమ్మమునుండి తీసి మనకంటె బీదవారి గుమ్మమున పెట్టును. కనుక తెలివిగల సంఘము పనిని పైనుండి గాక క్రిందినుండి మొదలుపెట్టును. ముందు ఊరి పల్లమును కొలిచి, నీరు సహజముగా పోవు వాగులను, డొంకలను గుర్తించి, వానిపై లేచిన కట్టడములను తొలగించి, ప్రధానమైన కాలువను ఊరి వెలుపలివరకు చేర్చి, మురుగును శుద్ధిచేయు ఏర్పాటు చూచి, ఆ తరువాత వీధికాలువల నందులో కలుపును. ఐదువేల యేండ్లకు సమీపించిన మొహెంజొదారో నగరమున ఇండ్ల మురుగు ఇటుక కాలువలలో పడి, పలకల మరుగున సాగి పోయెడిది. లండను నగరము తన మురుగును తన నదిలోనే వదలి, 1858 వేసవిలో ఆ దుర్గంధమునకు పార్లమెంటు సభ్యులే ముక్కు మూసికొన్న తరువాతగాని పెద్ద కాలువలకు పూనుకొనలేదు.

నీటి త్రోవను మరచిన ఫలితము మన సీమవారికి ఇటీవల రెండేండ్లు వరుసగా తెలిసినది. మునేరు తెలంగాణమున పుట్టి, ఖమ్మము ప్రక్కగా పారి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మవారి సన్నిధిని దాటి, వైరాను కలుపుకొని కృష్ణలో చేరును. ఎక్కడనో ఎగువ కురిసిన వాన ఇచ్చట పొంగును. 2023 జూలై చివరివారమున నందిగామ కెదుట ఐతవరమువద్ద మునేటి నీరు జాతీయ రహదారిమీదికి వచ్చి, హైదరాబాదు విజయవాడల నడుమ రాకపోకలు నిలిచిపోయెను. 2024 సెప్టెంబరు 1వ తేదీని మరల అదియే సంకటము. అదే వానలలో జగ్గయ్యపేటకు సమీపమున గరికపాడువద్ద పాలేటి వంతెన దెబ్బతినెను. అదేనాడు విజయవాడలో బుడమేరు సింగునగరము ప్రాంతములను ముంచివేయగా, లక్షలమంది మేడలమీద నిలిచి త్రాగునీటికై ఎదురుచూచిరి. మరునాడు ప్రకాశము బారేజీవద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము వచ్చినది. అంతటి నీరు అచ్చట మున్నెన్నడును లెక్కకు రాలేదు. ఇంతటి వరదను చిన్న పట్టణపు సంఘము ఆపలేదు. నిజమే. కాని ఏటి గర్భమున ఇండ్లపట్టా లీయకుండుట, వాగుకు అడ్డముగా గోడ లేవనీయకుండుట, తూములను జ్యేష్ఠమాసము రాకముందే పూడిక తీయించుట దాని చేతిలోని పనులే.

నీరు పెద్దదై మనుష్యులను చంపుట ఏడాది కొకనాడు. చిన్నదై నిలిచి చంపుట ఏడాది పొడవునను. 1897 ఆగస్టు 20వ తేదీని మన సికింద్రాబాదులో రొనాల్డు రాసు అను వైద్యుడు దోమకడుపున మలేరియా బీజమును కనిపెట్టెను. దోమ లన్నియు నొకటి కా వని నేడు మనకు తెలియును. మలేరియాను మోయు అనాఫిలీసు తరచుగా తేటనీటి గుంటలలో పెరుగును. బోదకాలును తెచ్చు క్యూలెక్సు మురుగు కాలువలో పెరుగును. డెంగ్యూను తెచ్చు ఏడిసు మాత్రము మన యింటిలోనే, మూతలేని తొట్టిలో, పూలకుండీ క్రింది పళ్లెములో, కూలరులో, పెరటిలో పడవేసిన టైరులో పెరుగును. అది పగటిపూట కుట్టును. కాలువ బాగు చేయుట సంఘము పని, తొట్టి కడుగుట మన పని. గ్రుడ్డు దోమయై యెగురుటకు వారము పది దినములు పట్టును గనుక, వారమున కొకమారు నీటిపాత్రలన్నియు బోర్లించి, తోమి, ఆరనిచ్చినచో దాని వంశము నిలువదు. శుక్రవారమును పొడిదినముగా పాటింపుడని ప్రభుత్వము చెప్పుట ఇందుకే. ఎట్లును శుక్రవారము లక్ష్మికి ప్రీతియైన దిన మని ఇల్లు కడుగుకొను ఆచారము మనకు కలదు; దానికి తొట్టిని కూడ చేర్చిన చాలును.

నందిగామనుండి పడమటి దెసకు సాగి, చిల్లకల్లు మీదుగా పోయినచో జగ్గయ్యపేట వచ్చును. దీని పూర్వనామము బేతవోలు. అమరావతీ ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గన్నపేర దీనికి ఈ నామ మిచ్చెను. నైజాము సరిహద్దున వర్తకమునకు పేరొందిన ఈ ఊరికి నేడు చుట్టును సిమెంటు కర్మాగారములు కలవు. బరువు లారీలు, ధూళి, వీని మధ్య సంసారములు చేసికొను వీధులు - ఇచ్చటి పురపాలక సంఘమునకు నందిగామ చిక్కులకు తోడు ఇవియును కలవు.

ఊరిచెంత ధనంబోడు అను గుట్టమీద బౌద్ధస్తూపపు శిథిలములున్నవి. 1882లో, రిప్పన్ ప్రభువు తీర్మానము వచ్చిన ఏటనే, బర్జెస్ అను పండితుడు దీనిని త్రవ్వించెను. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో, సిద్ధార్థుడను శిల్పి ఇచ్చట ఐదు ఆయక స్తంభములను నిలిపినట్లు శాసనము చెప్పుచున్నది. అతడు రాజు కాడు, మంత్రి కాడు, చేతిపనితో బ్రతికినవాడు. పదునేడు వందల యేండ్లనాడు ఒక పనివాడు నలుగురు చేరు స్థలమును తనదిగా తలచి తన సొమ్మును వెచ్చించెను. మనము మన వాకిట ముగ్గు పెట్టిన మేర మనదియు, ముగ్గు దాటిన నేల ఎవరిదియో యనియు తలచుచున్నాము.

ఈ తలపును మార్చుకొనుటకు మనకు అధికారము కూడ కలదు. రాజ్యాంగము పట్టణ సంఘములలో మూడవవంతునకు తక్కువగాకుండ స్త్రీలకు స్థానములు విధించినది; ఆంధ్రప్రదేశమున 2021లో జరిగిన పురపాలక ఎన్నికలలో సగము స్త్రీలకు కేటాయింపబడెను. నందిగామకు ఆ సంవత్సరము మార్చిలోను, జగ్గయ్యపేటకు నవంబరులోను ఎన్నికలు జరిగినవి. స్థానము దక్కిన సోదరి పేరు మాత్రమే తనదై, మాట భర్తదో అన్నదో అయినచో ప్రయోజనము లేదు. ఆమె సభలో లేచి, "ఈ కాలువ తుద ఎక్కడ? ఈ దారి మట్టమెంత? దీనిని ఏటికెన్ని మారులు పూడిక తీయుదురు? అందుకు సొమ్ము కేటాయించితిరా?" అని అడుగవలెను. క్రొత్తది కట్టుటకు పైనుండి నిధులు వచ్చును. కట్టినదానిని కాపాడుటకు ఇంటిపన్నే ఆధారము. 2021లో పెట్టిన చెత్తపన్ను ప్రజల అసంతృప్తికి గురియై 2024లో రద్దయినది. పన్ను పోయినను చెత్త పోలేదు; దానిని ఎత్తు చేతులకు జీతము ఎక్కడనుండియో రావలసినదే.

ఆ చేతులను గూర్చి ఒక మాట. కాలువలో మనము వేసిన ప్లాస్టిక్కు సంచి, కూరతొక్కలు, పిల్లవాని మలినవస్త్రము తీయువాడు గూడ ఒక తల్లి బిడ్డయే. 2013 నాటి చట్టము ప్రకారము రక్షణ సాధనములు లేకుండ మనుష్యుని మురుగుగొట్టములలోనికి గాని, మరుగుదొడ్డి గుంటలోనికి గాని దింపుట నేరము. మన యింటి గుంట శుభ్రపరచునప్పుడు కొద్ది రూపాయలు మిగులునని మనిషిని దింపు యజమానితో, "యంత్రమును పిలిపింపు" డని చెప్పవలసినది ఇల్లాలు. తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి ఇచ్చుట ఆతని చేతికి మనము చేయు కనీస మర్యాద.

సోదరీమణులారా! ఈ వానకాలము రాకముందు, ఒకనాటి సాయంకాలము ఇరుగుపొరుగు నలుగురిని తోడు తీసికొని, మీ ఇంటి నీరు పోవు కాలువ వెంట దాని కొసవరకు నడచిపొండు. దారిలో ఎక్కడ పలక వేసి మూసిరో, ఎక్కడ పూడినదో, ఎక్కడ వాలు తప్పినదో వ్రాసికొనుడు. చివర అది ఎవరి గుమ్మమున నిలిచినదో చూచి, ఆ ఇంటి ఇల్లాలితో మాటలాడి, ఆమె పేరును గూడ చేర్చి, అందరును కలిసి వార్డు కార్యాలయమున అర్జీ నిండు. మీ వీధికొరకు మాత్రమే అర్జీ పెట్టకుడు. కాలువ మొదటి ఇంటినుండి తుది ఇంటివరకు ఒకే అర్జీగా పెట్టుడు.